అద్దం పగిలింది... చీపురు పట్టేముందు ఒక్క క్షణం

*రాళ్ల వాన, కోతులు, క్వారీ పేలుళ్లు... వికారాబాద్, తాండూరు ఇళ్లలో కిటికీ అద్దానికి గండాలు చాలానే ఉన్నాయి. ఆ గండం గడిచాక ఇంటి బీమా ఎంతవరకు ఆదుకుంటుంది?*

2023 మార్చి 16, గురువారం. వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మీద మబ్బు కమ్మింది. ముందు ఈదురుగాలి, దాని వెనకే రాళ్ల వాన. రేకుల మీద పడే ఆ చప్పుడులో పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. చూస్తుండగానే పొలాలు, రోడ్లు, వాకిళ్లు తెల్లబడ్డాయి. చేను గట్టు మీద పేరుకున్న మంచుగడ్డలను జనం చేతుల్లోకి తీసుకుని వీడియోలు తీశారు. అవి ఫోన్లలో ఊరూరా తిరిగాయి. ఇది కశ్మీరా, మన వికారాబాదా అని అందరూ ఆశ్చర్యపోయారు.

వారం తిరిగేసరికి అప్పటి ముఖ్యమంత్రి వడగండ్లకు నష్టపోయిన రైతులకు ఎకరానికి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. చర్చ అంతా పంట చుట్టూనే తిరిగింది. అది న్యాయమే. చేతికొచ్చే పంట నేలపాలైన చోట కిటికీ అద్దం గురించి మాట్లాడటానికి ఎవరికైనా నోరు రాదు. కానీ రాయి చేను మీద పడి ఊరుకోదు. స్లైడింగ్ కిటికీ మీద, సోలార్ ప్యానెల్ మీద, మెట్ల దగ్గర వెలుతురు కోసం పెట్టించుకున్న గాజు మీద కూడా పడుతుంది. ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

మళ్లీ ఎండలు ముదిరి, సాయంత్రాలు మబ్బు పట్టే రోజులు ఏటా వస్తూనే ఉన్నాయి. పాత ఇళ్లకు చెక్క రెక్కల కిటికీలు ఉండేవి. గాలి లేవగానే గడియ పెడితే సరిపోయేది. ఇప్పుడు ఊళ్లలో కడుతున్న ఇళ్లకు కూడా నిలువెత్తు అద్దాలు వచ్చాయి. ఇల్లు అందంగా ఉంది, వెలుతురు బాగుంది. అద్దం పగిలిన రోజు ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

ముందు చీపురే గుర్తొస్తుంది

భళ్లుమన్న చప్పుడు వినగానే ఏ ఇంట్లోనైనా మొదట వినపడే మాట ఒకటే. “చెప్పులు లేకుండ అటు పోకుండ్రి, కాళ్లకు గుచ్చుకుంటయ్!” వెంటనే చీపురు, చేట వస్తాయి. పగిలిన అద్దం ఇంట్లో ఉంటే కీడు అన్న నమ్మకం ఉండనే ఉంది. ఓ ముక్క కూడా మిగలకుండా ఏరి, గోనెసంచిలో కట్టి, దీపం పెట్టే వేళకల్లా బయట పారేస్తారు. మర్నాడు అద్దాల దుకాణం అబ్బాయి వచ్చి కొలత తీసుకుని కొత్తది బిగిస్తాడు. రసీదు అడిగేవారు తక్కువ, ఇచ్చేవారు ఇంకా తక్కువ.

పిల్లల పాదాల గురించి ఆ తల్లి పడే ఆరాటంలో తప్పేమీ లేదు. అయితే ఆ అరగంటలో బీమా కంపెనీకి చూపించాల్సిన సాక్ష్యం మొత్తం చేటలోకి వెళ్లిపోతుంది. మిగిలేది మన మాట ఒక్కటే. అద్దం పగిలిందన్న మాటను కంపెనీ నమ్మినా, దేనివల్ల పగిలిందో చూపమంటుంది. ఇంటి బీమాలో డబ్బు వస్తుందా రాదా అన్నది తేలేది ఆ ఒక్క ప్రశ్న దగ్గరే.

ఏం పగిలిందని కాదు, ఏం పగలగొట్టిందని

కారు ముందు అద్దం పగిలితే షోరూముకు పోయి క్లెయిమ్ వేయడం మనవాళ్లకు అలవాటే. ఇంటి బీమా అలా కాదు. ఇళ్ల కోసం దేశమంతటా ఒకే తీరున ఉండే ‘భారత్ గృహ రక్ష’ పాలసీని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. అగ్నిప్రమాదం మీద ఇళ్లకు బీమా ఇచ్చే సాధారణ బీమా కంపెనీలన్నీ దీన్ని అమ్మాల్సిందే. ఇందులో ‘గాజు’ అని విడిగా ఒక విభాగం ఉండదు. ఉండేది ప్రమాదాల జాబితా. అగ్గి, పేలుడు, పిడుగు, భూకంపం, గాలివాన, తుపాను, వరద, భూమి కుంగడం, కొండచరియలు విరిగిపడటం, బయటి వస్తువు ఏదైనా వచ్చి ఢీకొనడం, అల్లర్లు, దురుద్దేశంతో చేసిన ధ్వంసం, ఉగ్రవాద చర్య, నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం లాంటివి అందులో ఉంటాయి. కిటికీ ఇంటి కట్టడంలో భాగం. ఈ జాబితాలోని కారణంతో అది పగిలితే నష్టం పాలసీ కిందికి వస్తుంది. ఇల్లు తుడుస్తుంటే మోచేయి తగిలి పగిలిందంటే రాదు.

> భారత్ గృహ రక్ష: ముఖ్యమైన సంగతులు
>
> • బీమా మొత్తం ఇంటిని మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు. స్థలం ధర ఇందులో కలవదు. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 2,000 ఖర్చు అనుకుంటే 20 లక్షలు.
>
> • కట్టడానికి బీమా ఉంటే ఇంట్లోని మామూలు సామానుకు అందులో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు, రక్షణ దానంతటదే వస్తుంది. పై లెక్కలో అది 4 లక్షలు. బంగారం, వెండి, కళాఖండాలకు విడిగా తీసుకోవాలి.
>
> • బీమా మొత్తం కాస్త తక్కువ రాయించారని క్లెయిమ్‌లో ఆ నిష్పత్తిన కోత పెట్టకూడదు.
>
> • పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. దీర్ఘకాల పాలసీలో కట్టడం బీమా మొత్తం ఏటా 10 శాతం పెరుగుతుంది.
>
> • ప్రహరీ, గేటు, నీళ్ల ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి కట్టడం కిందికే వస్తాయి.
>
> • శిథిలాల తొలగింపుకు క్లెయిమ్ మొత్తంలో 2 శాతం వరకు ఇస్తారు.

రాళ్ల వాన జాబితాలో ఎక్కడుంది?

మన ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరి ప్రశ్న ఇది. ప్రభుత్వ విపత్తుల జాబితాలో కరువు, వరద, భూకంపాల పక్కనే వడగండ్ల వాన పేరు కూడా ఉంది. గృహ రక్ష జాబితాలో మాత్రం ఆ పేరు విడిగా కనపడదు. గాలివాన, తుపాను ఉన్నాయి. బయటి వస్తువు ఢీకొట్టడం ఉంది. రాళ్ల వాన ఒక్కటే రాదు, ఈదురుగాలితో కలిసి వస్తుంది. కాబట్టి ఫారంలో ‘వడగండ్లు పడి అద్దం పగిలింది’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకూడదు. ఫలానా తేదీన, ఫలానా సమయంలో ఈదురుగాలి, ఉరుములతో గాలివాన వచ్చింది, దానితో పడిన వడగండ్లు పడమటి గోడ కిటికీకి తగిలాయి అని జరిగింది జరిగినట్టు పూర్తిగా రాయాలి.

ఆ రోజు వాన పడిందని రుజువు చేయడం కష్టమేమీ కాదు. రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సంస్థ మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టింది. ఎక్కడ ఎంత వాన పడిందో రోజువారీగా నమోదవుతుంది. మర్నాటి జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్త కూడా పనికొస్తుంది. ఆ కాగితాన్ని చింపి దాచుకోండి.

ప్రభుత్వ సాయం వస్తుంది కదా, బీమా ఎందుకు అనేవారున్నారు. లెక్క చూద్దాం. విపత్తు సహాయ నిధికి 2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి ఇచ్చేది 6,500 రూపాయలు. అదీ ఇంట్లో కనీసం 15 శాతం దెబ్బతింటేనే. ఇంట్లోని కిటికీ అద్దాలన్నీ పోయినా, గోడలు, పైకప్పు నిలబడి ఉంటే ఆ 15 శాతం చూపించడం కష్టం. ఆ సాయం గూడు చెదిరినవారి కోసం పెట్టింది. అద్దాల కోసం దాని మీద ఆశ పెట్టుకోలేం.

బీమా మాట ఎత్తగానే ఇక్కడి పల్లెల్లో జనం ముఖం తిప్పుకోవడానికి ఒక కారణం ఉంది. వాళ్లకు తెలిసిన బీమా పంటల బీమా. 2020లో తెలంగాణ కేంద్ర పంటల బీమా పథకం నుంచి బయటికి వచ్చేసింది. ఆ తర్వాతి వడగండ్లు పొలాలను తాకినప్పుడు చేతిలో పాలసీయే లేదు. ఆ చేదు ఇంటి బీమా మీద నమ్మకాన్ని కూడా తినేసింది. రెండూ వేరన్న సంగతి వాళ్లకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

కోతి, క్రికెట్ బంతి, టైరు కింది రాయి

అనంతగిరి అడవిని ఆనుకుని ఉన్న వికారాబాద్‌లో కోతుల బెడద కొత్త కాదు. మేడ మీద ఎండబెట్టిన వడియాల కోసం దిగిన గుంపు పోతూపోతూ కిటికీ మీదికి దూకుతుంది. గల్లీలో పిల్లలు కొట్టిన బంతి నేరుగా హాల్లోకి వస్తుంది. తాండూరులో బండల లారీ టైరు కింద నలిగిన కంకర రాయి ఎగిరి ఎదురింటి అద్దానికి తగులుతుంది.

బయటి వస్తువు ఢీకొనడం అన్న అంశానికి ఉదాహరణలుగా పాలసీలో వాహనం, కూలిన చెట్టు, విమానం, గోడ అని రాశారు. ఉదాహరణలే కాబట్టి బంతి, లారీ కింది రాయి అందులోకి వస్తాయని గట్టిగా అడగొచ్చు. కోతి విషయంలో వాదన రావచ్చు. కానీ అది బయటినుంచి వచ్చి కిటికీని బలంగా తాకిందనడంలో సందేహం లేనప్పుడు క్లెయిమ్ వేయకుండా మానుకోవద్దన్నది నా గట్టి అభిప్రాయం. వేయకముందే రాదని నిర్ణయించేసుకోవడం వల్ల పోయే డబ్బు ఎక్కువ. వీధిలో ఎవరింటికైనా సీసీ కెమెరా ఉంటే ఆ రోజే వెళ్లి ఆ దృశ్యం కాపీ తీసుకోవాలి. కొన్నాళ్లకు కొత్త రికార్డింగ్ పాతదాన్ని చెరిపేస్తుంది.

రెండు చిన్న అద్దాల కోసం ఇంత తిరుగుడు అవసరమా అన్న ప్రశ్న కూడా సబబే. నష్టం వేయి, రెండు వేలు అయితే చాలామంది సొంతంగానే వేయించుకుంటారు, అందులో తప్పులేదు. ఒకే వానకు ఒక వైపు కిటికీలన్నీ, సోలార్ ప్యానెళ్లు, వాటి వెంట తడిసిన పరుపు, టీవీ కలిసినప్పుడు లెక్క మారిపోతుంది. అద్దం పోయిన సందులోంచి లోపలికి కొట్టిన జల్లు చేసే నష్టం అద్దం ఖరీదును మించిపోతుంది. క్లెయిమ్ రాసేటప్పుడు ఆ రెండో నష్టాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

తాండూరులో నేల అదిరితే

తాండూరు పేరు నాపరాయితో ముడిపడి ఉంది. ఇక్కడి నీలం, పసుపు బండలు దేశమంతటా ఇళ్ల నేలల్లో కనపడతాయి. అదే సున్నపురాయిని నమ్ముకుని చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. పరుపుబండను పొరలుగా కోసి తీస్తారు. సిమెంటు రాయి కోసం మాత్రం పేలుళ్లు జరపాలి. పేల్చినప్పుడు నేల అదురుతుంది. గనుల దగ్గరి ఊళ్లలో కిటికీలు గడగడలాడటం, బిగింపు సరిగా లేని అద్దం మూల నుంచి చీలడం జరుగుతుంది.

ఈ అదురుకు కూడా పరిమితి ఉంది. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, గని యాజమాన్యానికి చెందని ఇళ్ల దగ్గర ప్రకంపన వేగం సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లు దాటకూడదు. తరంగం ఎంత నిదానంగా ఊగితే పరిమితి అంత కఠినం. పేలుడుకు రాయి ఎగిరొచ్చి అద్దానికి తగిలితే బీమాలో అది ఢీకొనడం కిందికి వస్తుంది. కేవలం అదురుకు చీలితే మాత్రం నష్టం అంచనాకు బీమా కంపెనీ పంపే సర్వేయరు ప్రశ్నలు వేస్తాడు. పాత బీటా, ఇల్లు కుంగిందా, బిగింపు లోపమా అని చూస్తాడు. కట్టుబడి లోపాలను, మామూలుగా ఇల్లు కుదురుకోవడంలో వచ్చే బీటలను పాలసీ ఒప్పుకోదు.

అందుకే గనుల దగ్గర ఉండేవాళ్లకు ఒక మాట. ఇల్లు బాగున్న రోజునే గోడలు, కిటికీలు, మూలలు ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. పేలుడు జరిగిన తేదీ, గంట క్యాలెండర్ మీద రాస్తూ ఉండండి. అద్దం చీలిన రోజు బీమా కంపెనీకే కాదు, గని యాజమాన్యానికి, గనుల శాఖకు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నష్టానికి అసలు బాధ్యత వాళ్లదైతే బీమా కంపెనీ మీకు చెల్లించి, తర్వాత వాళ్ల దగ్గర వసూలు చేసుకోగలదు.

దానంతటదే పగిలే గాజు

రాత్రి అందరూ నిద్రలో ఉండగా బాత్‌రూమ్ గాజు తలుపు ఒక్కసారిగా జొన్నగింజల్లాంటి ముక్కలై రాలిపోతుంది. ఎవరూ తాకలేదు. ఇంట్లోవాళ్లు దిష్టి అనుకుంటారు. అది గట్టిపరిచిన గాజు. దాన్ని తయారుచేసేటప్పుడు లోపల చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువు ఏళ్ల తర్వాత కూడా వ్యాకోచించి మొత్తం పలకను చిట్లించగలదు. అంచుకు ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ కూడా ఇదే పని చేస్తుంది. పొయ్యి మీది గాజు పలక పగలడం వెనక చాలాసార్లు ఉండేది వేడి. పొయ్యిని మించిన పెద్ద గిన్నెలు, వేడి గాజు మీద చల్లటి తడిగుడ్డ దానికి దారి తీస్తాయి. పెద్ద చప్పుడు వచ్చినా పాలసీ దృష్టిలో ఇది పేలుడు కాదు. వారంటీ ఉంటే తయారీదారును అడగాలి.

ఇలాంటి అనుకోని పగుళ్లకు కూడా రక్షణ కావాలంటే కొన్ని కంపెనీలు అమ్మే గృహస్థుల ప్యాకేజీ పాలసీలో ‘ప్లేట్ గ్లాస్’ విభాగం ఉంటుంది. బిగించి ఉన్న గాజు అనుకోకుండా పగిలితే ఇస్తారు. గీతలకు, ఫ్రేముకు, ముందే బీట ఉన్నదానికి, మరమ్మతు చేస్తుండగా పగిలినదానికి ఇవ్వరు.

> సిలిండర్ పేలితే
>
> వంటగ్యాస్ ప్రమాదాలకు చమురు కంపెనీలు వినియోగదారుల తరఫున బీమా చేసి ఉంటాయి. దీనికి విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు. మరణానికి ఒక్కొక్కరికి 6 లక్షలు, చికిత్సకు ఒక్కొక్కరికి 2 లక్షల వరకు (ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షల దాకా), రిజిస్టరైన చిరునామాలో ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు ఉంటుంది. పేలుడు ధాటికి పోయిన కిటికీలు కూడా ఆస్తి నష్టమే. వెంటనే గ్యాస్ ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి.

మీకు తెలియకుండానే పాలసీ ఉండొచ్చు

ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు అప్పు తీసుకున్నవాళ్లలో చాలామంది పేరిట ఇంటి బీమా ఇప్పటికే ఉంటుంది. తాకట్టులో ఉన్న ఆస్తి కాలిపోతే తన డబ్బు పోతుందని బ్యాంకు చేయిస్తుంది. ప్రీమియం మాత్రం మన ఖాతాలోంచే పోతుంది. పాలసీ కాగితం అప్పు ఫైల్లో ఉండిపోతుంది. అప్పు తీసుకున్న రోజు పెట్టిన సంతకాల్లో అదీ ఒకటని ఎవరికీ గుర్తుండదు. డబ్బు కట్టినవాడి చేతికి కాగితం అందకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. బ్యాంకుకు పోయి మూడు సంగతులు అడగండి. ఇల్లు కట్టడానికి బీమా ఉందా? ఎప్పటివరకు? కాపీ ఇస్తారా? అప్పు తీసుకున్నవారి ప్రాణానికి చేయించే బీమా వేరు, ఇంటికి చేయించేది వేరు. రెంటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

తాండూరు, వికారాబాద్ మెయిన్ రోడ్ల మీద కింద దుకాణం, పైన కాపురం ఉన్న ఇళ్లు ఎన్నో. గృహ రక్ష పై భాగానికే వర్తిస్తుంది. కింది షట్టరు వెనకున్న అద్దాల షోకేసుకు, తలుపుకు దుకాణదారుల పాలసీ కావాలి. అద్దెకుండేవాళ్లు సామాను వరకు తీసుకోవచ్చు, కట్టడం యజమాని చూసుకోవాలి. అనంతగిరి చుట్టూ వెలుస్తున్న ఫామ్‌హౌస్‌ల యజమానులకు కూడా ఒక హెచ్చరిక. వారాంతాల్లో రోజు అద్దెకు ఇస్తూ దాన్ని నివాసమని రాయిస్తే క్లెయిమ్ రోజున చిక్కు తప్పదు.

సర్వేయరు వచ్చేదాకా

చెప్పులు వేసుకుని, పిల్లల్ని పక్కకు పంపి, ముందు ఫోన్ తీయండి. గదంతా ఒక ఫొటో, కిటికీ ఒకటి, పగిలిన అంచు దగ్గర నుంచి ఒకటి తీయండి. లోపల పడ్డ రాయో, బంతో ఉంటే అది పడ్డచోటే ఫొటో తీసి దాచండి. వడగండ్లయితే కరిగిపోకముందే పక్కన అగ్గిపెట్టె పెట్టి తీస్తే పరిమాణం తెలుస్తుంది. ముక్కల్ని ఊడ్చి సంచిలో కట్టి ఇంటి బయట, పిల్లలకు అందని మూల పెట్టండి. కీడన్న భయం ఉన్నవాళ్లకు కూడా ఇది ఇబ్బంది కాదు, అవి గడప దాటే ఉన్నాయి. వాన లోపలికి కొట్టకుండా పట్టా కట్టొచ్చు. నష్టం పెరగకుండా చూడటం పాలసీ ప్రకారం మన బాధ్యతే. శాశ్వత మరమ్మతు మాత్రం కంపెనీ చూసేదాకా, లేదా సరేననేదాకా ఆపాలి.

కంపెనీకి ఆలస్యం చేయకుండా తెలపాలి. క్లెయిమ్ ఫారం 30 రోజుల్లోగా అందాలి. ఎవరైనా కావాలని పగలగొడితే పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. అద్దాల దుకాణం నుంచి కొలతలు, మందం, గాజు రకం, బిగింపు కూలీ విడివిడిగా రాసిన కొటేషన్ తీసుకోండి. చిన్న నష్టాలను ఫొటోలు, వీడియో కాల్ చూసి తేల్చే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. సర్వేయరు అవసరమైన చోట సమాచారం అందిన 24 గంటల్లో కంపెనీ నియమించాలి. ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఈ గడువులు గుర్తుంటే ఫోన్‌లో ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న జవాబుతో ఆగిపోనక్కర్లేదు.

కాదంటే ఎక్కడికి?

కాదన్న మాటను రాతలో అడగండి. పాలసీలోని ఏ నిబంధన కింద కాదన్నారో అందులో ఉండాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్ ఉంది. 155255కు ఫోన్ కూడా చేయొచ్చు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లోనే.

ఆపైన బీమా అంబుడ్స్‌మన్. తెలంగాణ ఫిర్యాదులు వినే కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. తాండూరులో రైలెక్కి నాంపల్లిలో దిగితే అక్కడికి దగ్గరే. రుసుము లేదు. వకీలును పెట్టుకోవాల్సిన పని లేదు, అసలు అనుమతించరు. ఎవరి గోడు వాళ్లే చెప్పుకోవాలి. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. అంబుడ్స్‌మన్ తీర్పు ఇస్తే కంపెనీ 30 రోజుల్లో దాన్ని అమలు చేయాలి. అక్కడికి పట్టుకెళ్లాల్సినవి పాలసీ కాపీ, తిరస్కరణ లేఖ, కంపెనీకి రాసిన ఫిర్యాదు, ఊడ్చకముందు తీసిన ఫొటోలు.